త్రీడీ బొమ్మలో ఎండ ఉండదు
గృహ నిర్మాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ నార్సింగిలో 500 గజాల స్థలం (50 × 90 అడుగులు), పడమర ముఖం, ముందు 40 అడుగుల రోడ్డు. ముందువైపంతా రెండంతస్తుల ఎత్తు గాజు, దాని వెనక డబుల్ హైట్ హాలు పెట్టి డిజైనర్ త్రీడీ ఇచ్చారు. వీధిలో కొత్త ఇళ్లన్నీ ఇలాగే ఉన్నాయి. ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ బొమ్మ ఎక్కణ్నుంచి చూసినట్టు గీశారో ముందు చూడండి. సాధారణంగా ఎదురిల్లే లేనట్టు, కాస్త గాల్లోంచి గీస్తారు. మీ ఇంటిని చూసేవాళ్లు మాత్రం రోడ్డు అవతలి అంచున, నేల మీద నిలబడతారు. అక్కడ అయిదడుగుల కంటి ఎత్తు నుంచి చూసినట్టు ఇంకో బొమ్మ అడగండి. పైన పేర్చిన ఫ్రేములు సగం కనిపించవు. గేటు, ప్రహరీ, పోర్టికో కప్పు అడుగుభాగం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఖర్చు అక్కడ పెట్టండి.

అసలు చిక్కు పడమటి ఎండ. హైదరాబాద్‌లో మే నెల మధ్యలో సాయంత్రం అయిదింటికి సూర్యుడు సుమారు 22 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ వేళకి రెండడుగుల సన్‌షేడ్ నీడ గాజు మీద పది అంగుళాలే దిగుతుంది. ఎనిమిదడుగుల వరండా వేసినా మూడడుగుల పైచిలుకే. కాబట్టి అడ్డంగా ఎంత పెంచినా లాభం తక్కువ, నిలువు అడ్డం కావాలి. వేసవి సాయంత్రాల్లో ఎండ పడమరకు కొంచెం ఉత్తరంగా వస్తుంది. నిలువు పలకలు గోడకు లంబంగా నిలబెడితే వాటి మధ్య నుంచి ఎండ నేరుగా లోపలికి వచ్చేస్తుంది. నైరుతివైపు తెరుచుకునేలా ఏటవాలుగా తిప్పి పెట్టించండి, లేదా టెర్రకోట జాలీ కట్టించండి.

‘టఫెన్డ్ గ్లాసే కదా’ అని అమ్మేవాళ్లు అంటారు. టఫెన్డ్ అంటే మామూలు గాజుకంటే గట్టిది, పగిలితే మొద్దుబారిన చిన్న ముక్కలవుతుంది, అంతే. వేడిని ఆపదు. ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వదులుతుందో చెప్పే ఎస్.హెచ్.జి.సి. అంకె అడగండి. పడమరకి 0.3 లోపు ఉంటే మంచిది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం గోడలు, కిటికీల ద్వారా ఇంట్లోకి చేరే వేడి చదరపు మీటరుకి సగటున 15 వాట్లు దాటకూడదు. ముందంతా గాజు పెట్టి ఆ లెక్కలో నెగ్గడం కష్టం. మెట్లు, బాత్‌రూములు, స్టోర్ పడమరకి జరిపితే హాలుకి అవే అడ్డుగోడ. అప్పుడు ముందువైపు నిండు గోడ ఎక్కువ, కిటికీలు తక్కువ అవుతాయి. ఆ వీధిలో మీ ఇల్లు వేరుగా కనిపించడానికి అదే చాలు. పైన రెండు రకాల సామగ్రి, ఒకే కొలత కిటికీలు. మూడో రకం టైలు, ఏసీపీ (అల్యూమినియం పూత పలక) షీటు, చెక్క రంగు పట్టీ జోలికి వెళ్లొద్దు.

డబుల్ హైట్ మీద మోజు వదలకపోతే ఒక లెక్క. 20 × 25 హాలుకి 21 అడుగుల ఎత్తంటే 10,500 ఘనపుటడుగుల గాలి, పదడుగుల ఎత్తున్న హాలుకి రెట్టింపు పైనే. ఫ్యాను రెక్కలు నేలకి ఎనిమిది, తొమ్మిది అడుగుల్లో ఉండేలా పొడవాటి రాడ్డు కావాలి. బల్బు మార్చాలన్నా పరంజా కట్టాల్సిందే. వీటన్నిటికంటే ముఖ్యం కాలమ్‌లు. మధ్యలో పట్టుకునే బీము లేక, తొమ్మిదంగుళాల కాలమ్ 21 అడుగులు ఒంటరిగా నిలబడుతుంది. లెక్కలోకి వచ్చే ఎత్తు, కాలమ్ మందానికి 12 రెట్లు చేరితే కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 దాన్ని పొట్టి కాలమ్‌గా ఒప్పుకోదు, వంగుడుకి విడిగా లెక్క కట్టాలి. ఇది మేస్త్రీ అనుభవంతో తేలే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉండాలి.

ప్రశ్న: విజయవాడలో కొత్త ఇంటికి రోమన్ స్తంభాలు, కార్నిసులు (గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చే అలంకార పట్టీలు) పెట్టించాం. రెండు వర్షాకాలాలకే నల్లచారలు, పగుళ్లు. రంగు మార్చాలా?

జవాబు: రంగు తప్పు కాదండీ, నీటి దారి తప్పు. కార్నిసు పైభాగం చదునుగా ఉంటే దుమ్ము చేరుతుంది, వానకి అదే కారి చార అవుతుంది. పైన బయటికి వాలు ఇప్పించి, కింద అంచుకి అంగుళం లోపలగా అర అంగుళం గాడి తీయించండి. నీరు గోడ వైపు పాకకుండా ఆ గాడి దగ్గరే బొట్లుగా రాలిపోతుంది. పిట్టగోడ పైన మాత్రం వాలు డాబా వైపుకి ఉండాలి.

పగుళ్లు ఇటుక, కాంక్రీటు కలిసే గీత వెంబడి ఉంటే ప్లాస్టరు కొట్టేసి, రెండువైపులా ఆరేసి అంగుళాలు చికెన్ మెష్ వేసి మళ్లీ పూయాలి. ఆ అలంకారపు అచ్చులు పీవోపీవైతే (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) తీసేయించండి, బయట వానకి అది నిలవదు. జీఆర్సీవైతే (గాజు పీచు కలిపిన సిమెంటు) లోపలి బిగింపులు చూడండి: మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి అచ్చును చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి.

ప్రశ్న: అమెరికాలో ఆస్టిన్‌లో పాత చిన్న ఇల్లు కొని, కూల్చి పెద్దది కడదామనుకుంటున్నాం. ఏవైనా పరిమితులుంటాయా?

జవాబు: ఉంటాయి. ఇలాంటి ఇళ్ల కోసమే ఆ నగరం 2006లో నిబంధన తెచ్చింది: ఇంటి మొత్తం విస్తీర్ణం స్థలంలో 0.4 వంతు లేదా 2,300 చదరపు అడుగులు, ఏది ఎక్కువైతే అది దాటకూడదని. ఆ లెక్కన 7,000 చదరపు అడుగుల స్థలంలో 2,800 వచ్చేది. పక్క సరిహద్దు దగ్గర 15 అడుగుల ఎత్తు నుంచి 45 డిగ్రీల వాలులో ఊహాగీత గీస్తే, గుడారంలాంటి ఆ హద్దు లోపలే ఇల్లు ఇమడాలని కూడా అందులో ఉంది. 2023 చివర్లో ఒకే స్థలంలో మూడు ఇళ్ల దాకా ఒప్పుకుంటూ మార్పులు చేశారు, కాబట్టి నేటి లెక్క నగర కార్యాలయంలో సరిచూసుకోండి. ప్లానులో కప్పుకి ఎన్ని లోయలున్నాయో కూడా లెక్కపెట్టండి. రెండు వాలులు కలిసే ప్రతి లోయలోనూ ఆకులు చేరి నీరు నిలుస్తుంది, కారడం అక్కడే మొదలు. వీలైతే ఒకటే పెద్ద వాలు కప్పు వేయండి.

ప్రశ్న: జూబ్లీహిల్స్ స్థలంలో పెద్ద బండ ఉంది. పగలగొట్టి సెల్లారు తీయమంటున్నారు.

జవాబు: ఉంచగలిగితే ఉంచండి. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇంత అందమైన ఎలివేషన్ ఏ డిజైనరూ ఇవ్వలేడు. బండ తొలిచి తీసిన సెల్లారు తొట్టిలా నీరు పడుతుంది. వాన నీరు బండ పగుళ్లలోంచి వస్తూనే ఉంటుంది, చుట్టూ కాలువ, సంపు, మోటారు లేకుండా ఆగదు. ఇంకో జాగ్రత్త: పునాదులు సగం బండ మీద, సగం నింపిన మట్టి మీద వేయొద్దు. మట్టి వైపు కుంగి, రెండూ కలిసేచోట గోడ చీలుతుంది. మట్టి ఉన్నచోట బండ తగిలేదాకా తవ్వి కాలమ్ దించాలి. ఏటవాలు బండ అయితే మెట్లుగా చెక్కి, డ్రిల్ చేసి ఇనుప చువ్వలు దింపి గ్రౌటుతో (పల్చటి సిమెంటు ముద్ద) బిగించాలి.