రీస్టార్ట్ చేయకముందే ఎర్రర్ నంబర్ చూడండి

సైట్ డేటాబేస్‌ను నడిపే మైఎస్‌క్యూఎల్ అనే సాఫ్ట్‌వేర్‌ను రీస్టార్ట్ చేయగానే సైట్ తిరిగి వస్తోందని, కొన్ని గంటలకే డేటాబేస్ కనెక్షన్ మళ్ళీ పోతోందని, పాస్‌వర్డ్ మార్చాలా అని మీరు అడిగారు. మార్చనవసరం లేదు. పాస్‌వర్డే తప్పయితే రీస్టార్ట్ చేసినా సైట్ తెరుచుకోదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, ఏదో ప్రోగ్రాం తాను తెరిచిన కనెక్షన్లను మూయకుండా వదిలేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నేను నిర్వహణ చూసిన ఒక సైట్‌కు సరిగ్గా ఇదే జబ్బు ఉండేది. అంతకుముందు చూసినవారు పడిపోయినప్పుడల్లా రీస్టార్ట్ చేసి, సరిపోయిందని చెప్పి వెళ్ళిపోయేవారు. రీస్టార్ట్‌తో కనెక్షన్లన్నీ తెగిపోతాయి కనుక సైట్ లేచేది. వాటిని ఎవరు పట్టుకుని కూర్చున్నారో తెలిపే ఆధారం కూడా దానితోనే చెరిగిపోయేది. అందుకని ఈసారి పడిపోయినప్పుడు దేనినీ ముట్టుకోవద్దని పట్టుబట్టాను. జరిగినవి నమోదయ్యే లాగ్ ఫైలులో 1040 ఎర్రర్ ఉంది, అంటే కనెక్షన్ల పరిమితి నిండిపోయింది. మనం మార్చకపోతే ఆ పరిమితి 151. అది నిండినా, నిర్వాహక అధికారమున్న ఖాతా కోసం మైఎస్‌క్యూఎల్ ఇంకొక కనెక్షన్‌ను అట్టిపెడుతుంది. ఆ దారిన లోపలికి వెళ్ళి అప్పుడున్న కనెక్షన్ల జాబితా చూపే ‘షో ప్రాసెస్‌లిస్ట్’ ఆదేశం నడిపితే తెర నిండా ‘స్లీప్’ వరుసలే, అంటే ఏ పనీ లేకుండా తెరిచి ఉన్న కనెక్షన్లే కనిపించాయి. కనెక్షన్ ఏ యంత్రం నుంచి వచ్చిందో చెప్పే హోస్ట్ కాలమ్‌లో దాదాపు అన్నింటికీ ఒకే చిరునామా ఉంది, అది ఈమెయిళ్ళు పంపే ప్రోగ్రాం నడిచే యంత్రానిది. మెయిల్ వెళ్ళనప్పుడు ఆ ప్రోగ్రాం, కనెక్షన్ మూసే వాక్యం దాకా రాకుండానే, తరువాతి మెయిల్ కోసం మరో కనెక్షన్ తెరిచేది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తనంతట తాను తెంచడానికి మైఎస్‌క్యూఎల్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు ఆగుతుంది. ఈలోపు సైట్‌కు వచ్చినవారికి ఎర్రర్ పేజీ తప్ప మరేమీ కనిపించేది కాదు.

ఇలాంటప్పుడు పరిమితిని వెయ్యికి పెంచమని సలహా ఇచ్చేవారంటే నాకు చాలా కోపం. ప్రతి కనెక్షన్‌కూ మెమరీ కావాలి. అది చాలనప్పుడు సర్వర్ ఆపరేటింగ్ సిస్టమైన లినక్స్ మైఎస్‌క్యూఎల్‌నే చంపేయవచ్చు. అప్పుడు 1040 పోయి, సర్వరే అందడం లేదని చెప్పే 2002 ఎర్రర్ వస్తుంది, అసలు కారణం మరింత లోతుకు దిగుతుంది. నంబర్‌ను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. పాస్‌వర్డ్ తప్పినప్పుడు వచ్చే 1045కూ, ఈ 2002కూ, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సందర్శకుడికి ఒకే వాక్యం చూపిస్తుంది. ఆ రెండింటికీ చేయవలసిన పనులు పూర్తిగా వేరు. 2002 వస్తే సర్వీసు నడుస్తోందా, డిస్కు నిండిందా అని చూడాలి. లినక్స్‌లో సైట్ సెట్టింగుల్లో డేటాబేస్ చిరునామాగా ‘లోకల్‌హోస్ట్’ అని రాస్తే కనెక్షన్ అదే యంత్రంలోని సాకెట్ ఫైలు ద్వారా, 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ పద్ధతిలో 3306 పోర్టు ద్వారా వెళ్తుంది కాబట్టి, ఒకటి పనిచేసి మరొకటి పనిచేయకపోవడం కూడా మామూలే.

మీ సైట్ ఈసారి పడిపోయినప్పుడు ముందుగా ప్రాసెస్‌లిస్ట్‌ను ఒక ఫైలులో భద్రపరచండి, తరువాతే రీస్టార్ట్ చేయండి. సైట్‌కూ, మెయిల్ ప్రోగ్రాంకూ, బ్యాకప్‌కూ వేర్వేరు డేటాబేస్ ఖాతాలు ఇవ్వండి. అప్పుడు యూజర్ కాలమ్ చూడగానే దోషి ఎవరో తెలిసిపోతుంది. ఒక్కో ఖాతాకు కనెక్షన్ల పరిమితిని విడిగా పెట్టే వీలు కూడా ఉంది. అది పెట్టాక మెయిల్ ప్రోగ్రాం హద్దు మీరితే అదొక్కటే ఆగిపోతుంది, సైట్ నడుస్తూనే ఉంటుంది.