వాల్యూయర్ వస్తారని రెండ్రూపాయల వడ్డీకి అప్పు చేస్తారా?

ప్రశ్న: నరసన్నపేటలో కిరాణా కొట్టు నడుపుతున్నాను. నాన్నగారు కట్టించి, నా పేరున గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన ఇల్లు ఉంది. 5 సెంట్ల స్థలం, కింద 1,200 చదరపు అడుగులు, కట్టి 20 ఏళ్లయింది. పై అంతస్తు తర్వాత ప్లాన్ లేకుండా వేశాం. భోగాపురం వైపు ప్లాటు కొనడానికి ఇల్లు తనఖా పెట్టి రూ.25 లక్షలకు బ్యాంకులో అప్లై చేశాను. నెలాఖరుకు ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున వాల్యూయర్ వస్తారట. ఈలోగా నోటు రాసి రెండ్రూపాయల వడ్డీకి రూ.4 లక్షలు తెచ్చి రంగులు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ చేయిస్తే విలువ పెరుగుతుందా? ఇంటి ఖర్చు నెలకు రూ.30 వేలు. చేతిలో రూ.60 వేలున్నాయి.

జవాబు: ఆ నోటు మీద సంతకం పెట్టకండి. రెండ్రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలనెలా రూ.8 వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. వాల్యూయర్ వస్తున్నారనగానే ఇలా అప్పు చేసి ఇంటికి మెరుగులు దిద్దేవాళ్లు ఎంతోమంది. అందుకే లెక్క విప్పి చెబుతున్నాను.

వాల్యూయర్ స్థలానికి, కట్టడానికి విడివిడిగా లెక్క కడతారు. మీ 5 సెంట్లు అంటే 242 గజాలు. గజం రూ.15 వేలు అనుకుంటే స్థలమే రూ.36.3 లక్షలు. కింది అంతస్తును ఇవాళ కట్టడానికి అడుగుకు రూ.1,500 అనుకుంటే రూ.18 లక్షలు. ఆర్‌సీసీ ఇంటి ఆయుష్షు 60 ఏళ్లుగా తీసుకుని సాధారణంగా ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు తీస్తారు. 20 ఏళ్లకు 30 శాతం పోగా మిగిలేది రూ.12.6 లక్షలు. మొత్తం రూ.48.9 లక్షలు. ఇందులో 60 శాతం ఇచ్చినా రూ.29 లక్షలు దాటుతుంది. పై అంతస్తును పక్కన పెట్టినా మీరు అడిగిన పాతికకు ఇల్లు సరిపోతోంది. ఇక బ్యాంకు చూసేది మీ ఐటీ రిటర్నుల్లో చూపించిన ఆదాయాన్ని. దాన్ని ఫాల్స్ సీలింగ్ పెంచలేదు.

డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. వాల్యూయర్ మేడెక్కి స్లాబు నెర్రెలు చూస్తారు, కిందికొచ్చి సీలింగ్ మీద చెమ్మ మరకలు చూస్తారు. పెచ్చులూడిన చోట పుట్టీ రాసి రంగేస్తే తట్టి చూడగానే డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ వదులైన కాంక్రీటు చెక్కేసి, ఇనుముకు పట్టిన తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్పించండి. సముద్రపు గాలి తగిలే మన జిల్లాలో వాల్యూయర్ రాకపోయినా చేయించాల్సిన పని ఇది.

గిఫ్ట్ డీడ్, నాన్నగారి దస్తావేజు, ఇతర లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), కింది అంతస్తు ప్లాను, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక ఫైల్లో పెట్టండి. పన్ను ఇంకా నాన్నగారి పేరునే వస్తుంటే ఇప్పుడే మార్పించుకోండి. ముందురోజే టేపు పట్టి నాలుగు హద్దులూ కొలవండి. కాగితంలో 242 గజాలుండి నేల మీద 225 తేలితే లెక్కలోకి వచ్చేది 225. పై అంతస్తుకు ప్లాన్ లేదని మీరే చెప్పండి. దాచినా కాగితాల్లో బయటపడుతుంది, అప్పుడు ఫైలు మొత్తాన్నీ అనుమానంతో చూస్తారు. విలువ మరీ తక్కువ వేశారనిపిస్తే చుట్టుపక్కల ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు జతచేసి మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడగండి.

నన్ను భయపెడుతున్నది మీ చేతిలో ఉన్న ఆ రూ.60 వేలు. పాతిక లక్షలకు 10 శాతం వడ్డీతో 15 ఏళ్లకు ఈఎంఐ దాదాపు రూ.26,900. ఇంటి ఖర్చుతో కలిపి నెలకు రూ.56,900 కావాలి. అంటే కొట్టు మూతపడితే మీ దగ్గరున్నది ఐదు వారాలకు కూడా చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటి నెలలోనూ ఈఎంఐ తేదీ ఆగదు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆపైన తనఖా ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, తర్వాత ఇంటి స్వాధీనం. పోయేది ప్లాటు కాదు, మీరుంటున్న ఇల్లు.

కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3.4 లక్షలు, సేవింగ్స్ ఖాతాలోనూ ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్లోనూ పెట్టుకోండి. కొట్లో ఉన్న సరుకు అత్యవసర నిధి కాదు, పాడబోయే చీటీ అంతకన్నా కాదు. నోటుకు కట్టడానికి సిద్ధపడ్డ ఆ రూ.8 వేలనే నెలనెలా ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేయడం మొదలుపెట్టండి. ఆ నిధి కూడేదాకా లోను అప్లికేషన్ వెనక్కి తీసుకోండి.

ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఈ వారమే తీసుకోండి. బీమా మొత్తం మార్కెట్ ధర మీద కాదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు మీద ఉండాలి. మీ కింది అంతస్తుకు అది రూ.12.6 లక్షలు కాదు, రూ.18 లక్షలు. లోను తీసుకునే రోజుకు మీ పేరున కనీసం లోను మొత్తానికి టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా ఉండాలి.

ప్లాటు విషయానికొస్తే, ఖాళీ స్థలానికి అద్దె రాదు, దాని ఈఎంఐ మొత్తం కొట్టు మీదే పడుతుంది. పాతిక లక్షల ఆలోచన మానేసి, నిధి కూడాక మిగులుతో కొనగలిగినంత చిన్న ప్లాటు చూసుకోండి.