సంతాన చికిత్సకు ముందు చక్కెర పరీక్ష ఎందుకు?

ప్రశ్న: నా వయసు 29. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంది. అండం విడుదలకు మాత్రలు అడిగితే, డాక్టరు గారు ముందు గ్లూకోజు పరీక్ష చేయించుకుని బరువు తగ్గమన్నారు. రెండింటికీ సంబంధమేమిటి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దగ్గరి సంబంధమే ఉందమ్మా. ఈ సమస్య ఉన్న చాలామందిలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయించి, అండం పక్వం కాకుండా అడ్డుపడుతుంది. అధిక బరువున్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరిలో అండం విడుదల తిరిగి మొదలవుతుంది, అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ వంటి మాత్రలూ మెరుగ్గా పనిచేయవచ్చు. పరగడుపు చక్కెర మామూలుగా ఉన్నా, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూసినప్పుడు తేడా బయటపడవచ్చు. అలాగని బరువు తగ్గేదాకా చికిత్స ఆగాలని లేదు. బీచ్ రోడ్డులో రోజూ నడవండి. నడక ముగిశాక ఎదురయ్యే బజ్జీల బండి సంగతి మీకే వదిలేస్తున్నాను.