మబ్బు తీస్తే నేల కనిపిస్తుందా?

పోయిన నెల ఏరియల్ ఫొటోలు ఎలా తీస్తారో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడిగాయి: ఫొటో మీద పడ్డ మబ్బునీ నీడనీ కంప్యూటర్లో తుడిచేయొచ్చా అని. ఫొటోల్లో ఊళ్లనూ చెరువులనూ గుర్తుపట్టే ఉద్యోగంలోనే రిటైరయ్యాను కాబట్టి ఈసారి అవే తీసుకున్నాను.

ప్రశ్న: మా ఊళ్లో రీసర్వే కోసం డ్రోన్ ఎగరేశారు. ఫొటో ప్రింటు చూపించారు. సరిగ్గా మా ఎకరన్నర మీదే మబ్బు నీడ పడింది, గట్టు కనిపించడం లేదు. కంప్యూటర్లో నీడ తీసేయొచ్చని మా అబ్బాయి అంటున్నాడు. తీసేస్తే గట్టు పక్కకు జరుగుతుందేమోనని నాకు టెన్షన్.
— ఒక రైతు, తెనాలి మండలం

జవాబు: గట్టు జరగదండీ. ఫొటోలోని ఒక చుక్క నేల మీద ఎక్కడుందో తేల్చేది కెమెరా ఉన్న చోటు, అది చూసిన కోణం, నేల మీద కొలిచి పెట్టిన గుర్తులు. ఆ చుక్క ఎంత నల్లగా, ఎంత తెల్లగా ఉందన్నది వేరే సంగతి. నీడ తీసేటప్పుడు ముట్టుకునేది ఈ రెండోదాన్నే.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. వేప చెట్టు నీడలో కూర్చుని పేపరు చదువుకుంటాం కదా, అక్షరాలు కనిపిస్తాయి. ఎండ ఆగింది కానీ ఆకాశం నుంచి వచ్చే వెలుగు ఆగలేదు. మబ్బు నీడలోనూ అంతే, మీ గట్టు మీద పడిన కొద్దిపాటి వెలుగు కెమెరాకు చేరింది, ఫొటోలో ఉంది. కాకపోతే పక్క పొలంతో పోలిస్తే మసకగా ఉంది.

దాన్ని పెంచే పద్ధతి చెప్తాను. నీడలోనూ ఎండలోనూ ఒకే రకంగా ఉండే వస్తువు కావాలి. సగం నీడలో, సగం ఎండలో ఉన్న వరిమడో, సిమెంటు రోడ్డో దొరికితే చాలు. కంప్యూటర్‌కు ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తలా ఒక అంకె, 0 నుంచి 255 లోపు. ఎండలో ఆ వరి ఎరుపు రంగులో సగటున 120, నీడలో 30 ఉందనుకోండి. అంటే నీడలోని ఎరుపును దాదాపు 4 రెట్లు చేయాలి. నీలం, ఆకుపచ్చ రంగులకు మళ్లీ విడివిడిగా లెక్క కట్టాలి, ఎందుకంటే నీడలో పడే వెలుగు రంగు ఎండ రంగుతో సమానం కాదు. గోడ నీడలో ఆకాశపు నీలం పాలు ఎక్కువ. మబ్బు నీడలో మబ్బులోంచి దిగిన తెల్ల వెలుగు కూడా కలుస్తుంది. అన్నిటినీ ఒకే అంకెతో గుణిస్తే మీ వరి నీలిరంగుకు తిరుగుతుంది. అలాంటి ప్రింట్లు నేను కొన్ని చూశాను, చూడగానే తెలిసిపోతుంది.

నీడ అంచు దగ్గర ఇంకో చిక్కు ఉంది. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అరడిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందుకని వెయ్యి మీటర్ల ఎత్తున్న మబ్బు నీడకు అంచున కనీసం 9 మీటర్ల మేర సగం ఎండ, సగం నీడ ఉంటుంది. కత్తితో కోసినట్టు గీత గీసి లోపలంతా పెంచితే ఆ గీత వెంట తెల్లటి తీగ ఒకటి తేలుతుంది. దాన్ని గట్టు అనుకునే ప్రమాదం ఉంది! మీరు భయపడాల్సింది దానికి. పెంచేటప్పుడు మరకలు కూడా పెరుగుతాయి. కెమెరా సహజంగా చేసే 2 అంకెల తప్పు 4 రెట్లయి 8 అవుతుంది, నీడ తీసిన చోట ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది.

మీది నల్లరేగడా? అయితే ఇంకో మాట. తడిసిన నల్లరేగడిని కూడా సాఫ్ట్‌వేర్ నీడే అనుకుని తెల్లబరుస్తుంది. నీడ ఎక్కడుందో గుర్తించే పని మనిషి కన్నుకు వదలడమే మేలు.

ఇన్ని తిప్పలు పడకముందు ఒకటి అడిగి చూడండి. డ్రోన్ ఒక్క ఫొటో తీయదు. వరసలు వరసలుగా, ఒకదాని మీద ఒకటి ముప్పాతిక వంతు పడేలా తీస్తుంది. మీ ఎకరన్నర చాలా ఫొటోల్లో ఉంటుంది. పక్క వరసలో తిరిగి వచ్చేసరికి రెండు నిమిషాలు పట్టిందనుకోండి, మబ్బు సెకనుకు 5 మీటర్లు నడిచినా అప్పటికి 600 మీటర్లు పోయి ఉంటుంది. ఆ వరస ఫొటోలో మీ గట్టు ఎండలో ఉండొచ్చు. అతికించేటప్పుడు నీడ ఉన్న ముక్క పడింది, అంతే. కాబట్టి “నీడ తీయండి” అనొద్దు, “పక్క వరస ఫొటో చూపించండి” అనండి. ప్రింటు కాదు, స్క్రీన్ మీద అసలు ఫైలు చూడండి. ప్రింటులో నల్లగా ముద్దయిపోయిన చోట కూడా అసలు ఫైల్లో తేడాలు మిగిలి ఉంటాయి. అప్పటికీ కనబడకపోతే సర్వే రాయి దగ్గరికి టేపు పట్టుకుని వెళ్లమనండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కోనసీమ మీద జూన్ నుంచి సెప్టెంబర్ వరకు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు తీసుకుని, ఒక్కో చుక్కకు మీడియన్ తీసి మబ్బులు పోగొట్టే ప్రాజెక్టు చేశాను. ఇంకా తెల్ల మచ్చలు మిగిలాయి. డీప్ లెర్నింగ్ పెట్టి నింపేయమని మా గైడ్ అంటున్నారు. మంచిదేనా మేడమ్?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మచ్చలు ఎందుకు మిగిలాయో ముందు చూడు బాబూ. మీడియన్ అంటే వరసలో నడిమిది. ఒక చుక్క మీద 11 రోజుల చిత్రాలుంటే, అందులో 7 రోజులు మబ్బే అయితే, నడిమిది కూడా మబ్బే. కోనసీమలో వానాకాలం అది మామూలే. మబ్బు రోజుల్ని ముందే ఏరి పారేసి, మిగిలిన నాలుగింటిలో నడిమిది తీసుకోవాలి. ఆ ఏరడాన్ని మాస్క్ వేయడం అంటారు.

మాస్క్ వేయడంలోనే అసలు పని ఉంది. మబ్బు తెల్లగా ఉంటుందని తెలుపు చూసి ఏరావనుకో, ఉప్పుమడులూ, బీచ్ ఇసుకా, కొత్త రేకుల షెడ్లూ అన్నీ మబ్బులైపోతాయి. సెంటినెల్-2లో 1.375 మైక్రాన్ల దగ్గర ఒక బ్యాండ్, అంటే ఒక్క రకం వెలుగునే చూసే పొర, ఉంది, వాడావా? కింది గాలిలోని నీటి ఆవిరి ఆ వెలుగును మింగేస్తుంది కాబట్టి అందులో మన నేల దాదాపు కనబడదు, ఎత్తున ఉండే పల్చటి మబ్బులు మాత్రమే మెరుస్తాయి. కంటికి కనిపించని పొరలు కూడా అందులో దొరుకుతాయి. ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహంలో అయితే వేడిని చూసే బ్యాండ్లు కూడా ఉన్నాయి. మబ్బు చల్లగా ఉంటుంది, ఉప్పుమడి ఉండదు. సెంటినెల్-2కు ఆ సౌకర్యం లేదు.

మబ్బు దొరికాక దాని నీడ వెతకాలి. ఇక్కడ నా సొంత తప్పు చెప్పకుండా ఉండలేను. ఐఆర్‌ఎస్-1ఎ అనే మన ఉపగ్రహం 1988 మార్చిలో వెళ్లింది. ఆ చిత్రాలు మా టేబుళ్ల మీదికి కొత్తగా వస్తున్న రోజుల్లో, ఒక చలికాలం పాలమూరు వైపు చెరువుల లెక్క నాకిచ్చారు. ఆ ప్రింట్లలో పంట ఎర్రగా, నీరు నల్లగా ఉంటుంది. ఒక ప్రింటు పక్కన నున్నటి నల్ల మచ్చ కనిపించింది. చెరువని రాసి, పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి, నెంబరు కూడా వేశాను. తర్వాత జీపులో చూడ్డానికి వెళ్తే అక్కడ రాళ్లగుట్ట, నాలుగు మేకలు. మేకలు కాస్తున్న పెద్దాయన నా చేతిలో కాగితం చూసి, “ఈడ చెరువేడిది బిడ్డా, తాగనీకే నీళ్లు లేవు” అన్నాడు. అది మబ్బు నీడ. ఆ మబ్బు ప్రింటు అంచుకు అవతల తెగిపోయి ఉంది.

లెక్క చూడు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే మబ్బు ఎంత ఎత్తులో ఉందో నీడ అంత దూరంలో పడుతుంది. 1500 మీటర్ల ఎత్తున్న మబ్బు నీడ కిలోమీటరున్నర అవతల పడుతుంది. ఒకటికి యాభై వేల స్కేలు ప్రింటు మీద అది 3 సెంటీమీటర్లు. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో వస్తుంది, చలికాలం ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, కాబట్టి నీడ వాయవ్యానికి. నేను చేయాల్సిందల్లా నల్ల మచ్చకు ఆగ్నేయంగా 3 సెంటీమీటర్ల దూరంలో, పక్క ప్రింటు మీద, తెల్ల మచ్చ ఉందేమో చూడడం. 2012లో వచ్చిన ఎఫ్‌మాస్క్ అనే పద్ధతి కూడా మబ్బు ఆకారాన్ని సూర్యుడి దిక్కును బట్టి జరిపి జరిపి, కింద నల్ల మచ్చతో ఎక్కడ సరిపోతుందో వెతుకుతుంది. నీ కోనసీమలో రొయ్యల చెరువులన్నీ నల్లగానే ఉంటాయి, ఒట్టి నలుపు చూసి నీడ అనేస్తే సగం చెరువులు మాయమవుతాయి. మాస్క్‌ను నాలుగైదు చుక్కలు బయటికి కూడా పెంచు, మబ్బు అంచు కనిపించే దానికంటే వెడల్పు.

మీడియన్‌లో ఇంకో లొసుగు ఉంది, వైవాలో అడిగితే చెప్పాలి. ఎరుపు బ్యాండ్ నడిమిది జులై చిత్రంలోంచి, నీలం నడిమిది ఆగస్టు చిత్రంలోంచి రావచ్చు. రెండూ కలిస్తే వచ్చే రంగు ఏ రోజూ ఆ పొలంలో లేదు. జులైలో ఆ మడి నీళ్లలో నాటు వేసి ఉంది, సెప్టెంబర్‌కు పచ్చగా ఉంది. మధ్యలో నీ చిత్రం చూపిస్తున్నదేమిటి? అన్ని బ్యాండ్లూ ఒకే తేదీ నుంచి తీసుకో. ఏ చుక్క ఏ తేదీదో ఇంకో పొరలో రాసిపెట్టు.

ఇక డీప్ లెర్నింగ్, అంటే బోలెడు చిత్రాలు చూపించి కంప్యూటర్లోని నెట్‌వర్క్‌కు నేర్పించడం. పల్చటి మబ్బుకు నాకు అభ్యంతరం లేదు. పొరలోంచి నేల కొంత తొంగిచూస్తుంది, దాన్ని పైకి లాగవచ్చు. 1970లలోనే ఫిల్టర్లతో ఆ పని మొదలుపెట్టారు. దట్టమైన మబ్బు సంగతి వేరు. దాని కిందనుంచి కెమెరాకు వెలుగే రాలేదు, కాబట్టి ఫైల్లో నేల లేదు. నెట్‌వర్క్ అక్కడ పెట్టేది దాని ఊహ. చుట్టుపక్కల కొబ్బరి తోటలుంటే కొబ్బరి తోట గీస్తుంది, చాలా అందంగా గీస్తుంది, అదే నా బాధ. ఆ మబ్బు కింద వరద నీరు ఉందో, కొత్త లేఅవుట్ ఉందో దానికేం తెలుసు?

మీ గైడ్ మాట కాదనకుండా ఒక పని చెయ్యి. మబ్బు లేని చోట నువ్వే దొంగ మబ్బు ముద్ర వేసి, దాన్ని నెట్‌వర్క్‌తో నింపించు, అసలు చిత్రంతో పోల్చు. వేరే తేదీ చిత్రంతో నింపి కూడా పోల్చు. తేడాలు రెండూ పట్టికలో పెట్టు. రిపోర్టులో నింపిన చుక్కలను వేరే రంగులో చూపించు. అది లేకుండా నా దగ్గరికి వస్తే మార్కులు వేయను.

ప్రశ్న: ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిస్తే ఎక్కడా మబ్బే ఉండదు. ఎండాకాలంలో తీస్తారా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఒక్క రోజు తీసినది కాదమ్మా అది, అతుకుల బొంత. గూగుల్ 2013లో ల్యాండ్‌శాట్ 7 చిత్రాల కుప్పలోంచి మబ్బు లేని చుక్కలు ఏరి ప్రపంచమంతా అతికించింది, 2016లో ల్యాండ్‌శాట్ 8తో మళ్లీ చేసింది. బాగా దగ్గరికి జరిపి చూస్తే వేరే ఉపగ్రహాలవీ విమానాలవీ ఫొటోలు వస్తాయి. మీ వీధి ఒక నెలది, పక్క వీధి ఇంకో ఏడాదిది కావచ్చు. ఎండిన చెరువు పక్కనే నిండిన చెరువు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ప్రశ్న: 2022 జులైలో గోదావరి వరదకు మా ఊరు మునిగింది. అన్ని రోజులూ ఆకాశం మూసుకునే ఉంది. మరి ఉపగ్రహం నుంచి వరద మ్యాప్ వచ్చిందని ఎలా చెప్పారు?
— ఒక పాఠకుడు, భద్రాచలం

జవాబు: అప్పుడు మీ దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, గుర్తుంది. అలాంటప్పుడు మబ్బు తీసే సాఫ్ట్‌వేర్ల జోలికి పోరు, రాడార్ చిత్రాలు వాడతారు. ఉపగ్రహమే మైక్రోవేవ్ తరంగాలు పంపి, నేల నుంచి తిరిగొచ్చినవి కొలుస్తుంది. సెంటీమీటర్ల పొడవున్న ఆ తరంగాలకు మబ్బులోని బుల్లి నీటి తుంపరలు అడ్డే కాదు, రాత్రయినా పని జరుగుతుంది. కదలని నీరు అద్దంలా తరంగాన్ని అవతలికి తోసేస్తుంది కాబట్టి మునిగిన నేల నల్లగా కనిపిస్తుంది. మనకు 2012లో రిశాట్-1, 2022 ఫిబ్రవరిలో ఈఓఎస్-04 ఇలాంటివే వెళ్లాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నిసార్ కూడా వెళ్లింది. అయితే గాలికి నీటి మీద అలలు లేస్తే నలుపు పలచబడుతుంది. మునిగిన ఇళ్లూ చెట్లూ ఉన్న చోట తరంగం గోడకూ నీటికీ తగిలి తిరిగొచ్చి, నీరున్నా తెల్లగా కనిపించవచ్చు. ఊరు మునిగినా మ్యాప్‌లో పొలమే మునిగినట్టుంటే కారణం అదే కావచ్చు.

ప్రశ్న: పాడేరు వైపు కొండల ఉపగ్రహ చిత్రం ప్రింటు తీసి క్లాసులో పెట్టాను. పిల్లలకు కొండలు గుంటల్లా, లోయలు గట్ల లాగా కనిపిస్తున్నాయట. నాకూ అలాగే ఉంది. నీడలు తీసేస్తే సరిపోతుందా?
— ఒక టీచర్, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తీయకండి మాస్టారూ! నీడ తీస్తే కొండ ఎత్తు కూడా పోతుంది. నేను తాటిచెట్టును గుర్తుపట్టేది నీడతోనే. పైనుంచి చూస్తే తాటి తల చిన్న చుక్క, పక్కన పడ్డ పొడుగాటి నీడ చూశాకే అది తాడి అని తెలుస్తుంది. సూర్యుడు 45 డిగ్రీల మీద ఉంటే నీడ పొడవే చెట్టు ఎత్తు.

మీ గుంటల సంగతి కంటి అలవాటు. వెలుగు పైనుంచి పడుతుందని మన మెదడు నమ్ముతుంది. ఉత్తరం పైకి పెట్టిన ప్రింటులో, మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు, ఎండ కింది వైపు నుంచి, అంటే దక్షిణం నుంచి వస్తుంది. అందుకే తిరగబడినట్టు ఉంటుంది. కాగితాన్ని తలకిందులుగా తిప్పి, దక్షిణం పైకి వచ్చేలా పట్టుకోండి. కొండలు లేచి నిలబడతాయి. ఊళ్ల పేర్లు తిరగబడతాయనుకోండి, పిల్లలు బల్లకు అటువైపు నిలబడి చదువుతారు.