ఎస్‌ఆర్‌ఈ ఉద్యోగం అంటే సర్వర్ పడిపోతే లేపడమేనా?

లేపడం అందులో ఒక భాగమే. ఆన్‌లైన్ సర్వీసులు ఆగకుండా నడిచేలా చూసే ఈ పని, అంటే సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ (ఎస్‌ఆర్‌ఈ), 2003లో గూగుల్‌లో బెన్ ట్రేనర్ చేతిలో మొదలైంది. అసలు కిటుకు లెక్కలో ఉంది. సర్వీసు 99.9 శాతం పనిచేయాలని పెట్టుకుంటే, 30 రోజుల్లో 43 నిమిషాలు ఆగినా ఫర్వాలేదన్నమాట. దాన్నే ఎర్రర్ బడ్జెట్ అంటారు. అది అయిపోతే కొత్త ఫీచర్లు ఆపి, ఉన్నవాటిని గట్టిచేస్తారు. వంద శాతం కావాలని పట్టుబట్టే మేనేజర్లకి ఈ లెక్క చూపించాలి!

ఆన్‌కాల్ వారం, అంటే ఏ వేళ సమస్య వచ్చినా చూసుకోవాల్సిన వంతు మనదైన వారం, మాత్రం టెన్షనే. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. కళ్లు నులుముకుంటూ ల్యాప్‌టాప్ తెరిచి, ఇందాక ఎవరైనా ఏమైనా మార్చారా అని ముందు చూస్తారు. మార్చి ఉంటే వెంటనే పాత వెర్షన్‌కి తిప్పేస్తారు. కారణం వెతకడం తెల్లారాకే. తర్వాత ఏం జరిగిందో వివరిస్తూ రాసే రిపోర్టులో, అంటే పోస్ట్‌మార్టమ్‌లో, మంచి టీముల్లో అయితే, తప్పు ఎవరిదని ఉండదు. ఆ తప్పుకి సిస్టమ్ ఎలా వీలిచ్చిందని ఉంటుంది.