ఆర్ట్స్ విద్యార్థికి ఏ లెక్కల పేపరు?

ప్రశ్న: బీఏ చరిత్ర మొదటి ఏడాది చదువుతున్నాను. తర్వాత జర్నలిజంలోకి వెళ్లాలని ఉంది. మా కాలేజీలో ఆర్ట్స్ వాళ్లు కూడా ఒక మ్యాథ్స్ పేపరు, ఒక సైన్స్ పేపరు పాసవ్వాలి. మ్యాథ్స్‌లో ఆల్జీబ్రా గానీ, కొత్తగా పెట్టిన క్వాంటిటేటివ్ రీజనింగ్ (అంకెలను అర్థం చేసుకుని ఆలోచించడం నేర్పే పేపరు) గానీ తీసుకోవచ్చు. రెండోది ఉత్తుత్తి లెక్కలని సీనియర్లు నవ్వుతున్నారు. నాకేమో లెక్కలంటేనే టెన్షన్. ఏది తీసుకోమంటారు?

జవాబు: క్వాంటిటేటివ్ రీజనింగే తీసుకోండి. నవ్వే సీనియర్లలో ఎంతమందికి వర్గ సమీకరణం సాధించడం ఇంకా గుర్తుందో ఓసారి అడిగి చూడండి.

డిగ్రీలో ఆల్జీబ్రా పేపరు ఉన్నది ప్రధానంగా కాలిక్యులస్ చదవబోయేవాళ్ల కోసం. ఎక్కని మేడకు మీరెందుకు మెట్లు కట్టుకోవడం? అమెరికాలో రెండేళ్ల కోర్సులు చెప్పే కమ్యూనిటీ కాలేజీల్లో ఎంతోమంది ఈ ఆల్జీబ్రా దగ్గరే ఆగిపోయి డిగ్రీ వదిలేసేవారు. అది చూసే అక్కడి విద్యా సంస్కరణల సంస్థ కార్నెగీ ఫౌండేషన్ 2010 తర్వాతి ఏళ్లలో స్టాట్‌వే, క్వాంట్‌వే అనే కోర్సులు తెచ్చింది. మొదటిది స్టాటిస్టిక్స్, రెండోది రోజువారీ జీవితంలో ఎదురయ్యే లెక్కలు. పాత పద్ధతిలో కంటే వీటిలో చాలా ఎక్కువమంది గట్టెక్కారు.

మీరు వెళ్లాలనుకుంటున్న వృత్తిలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. 1995లో బ్రిటన్‌లో, కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం పాతవాటికంటే రెట్టింపు అని అధికారులు హెచ్చరించారు. పత్రికలు ఆ మాటనే పతాక శీర్షికలకెక్కించాయి. భయపడి చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు వేలల్లో పెరిగాయి. ఇంతకీ అసలు లెక్క ఏమిటంటే, 7,000 మందిలో ఒకరికి వచ్చే సమస్య ఇద్దరికి వస్తుంది. రెట్టింపన్నది అబద్ధమేమీ కాదు. 'ఎంతకు రెట్టింపు?' అని అడగాల్సిన విలేకరులు అడగలేదు, అంతే. ఆ ప్రశ్నకు కావాల్సిన గణితం ఐదో తరగతిదే. కానీ అలా అడిగే అలవాటును బడిలో ఎవరూ నేర్పరు. మంచి రీజనింగ్ కోర్సు నేర్పేది దాన్నే.

'మంచి' అన్నాను గమనించండి. పేరు మార్చి పాత సరుకే అమ్మే కోర్సులూ ఉంటాయి. ముఖ్యంగా ఆర్ట్స్ వాళ్ల సైన్స్ పేపర్లలో సూత్రాలు తీసేసి నిర్వచనాలు మిగుల్చుతారు. అది సులువే, కానీ దండగ. పోయినేడాది ప్రశ్నపత్రం సంపాదించి చూడండి. 'నిర్వచించుము' అనే ప్రశ్నలే ఉంటే వేరే పేపరు వెతుక్కోండి. ఒక గ్రాఫ్ ఇచ్చి, దీన్నిబట్టి ఏం చెప్పగలం, ఏం చెప్పలేం అని అడిగి ఉంటే కళ్లు మూసుకుని చేరిపోండి.

ఒక్క జాగ్రత్త. మనసు మారి ఎకనామిక్స్ పీజీ వైపు వెళ్లే అవకాశం ఏమాత్రం ఉన్నా, ఈ పేపరుతో ఆ తలుపు మూసుకుపోవచ్చు. అక్కడ కాలిక్యులస్ అడుగుతారు. డేటా జర్నలిజం అయితే ఇబ్బంది లేదు, వచ్చే ఏడాది స్టాటిస్టిక్స్ కూడా తీసుకుంటే సరిపోతుంది.

ఇక టెన్షన్ సంగతి. గడియారం చూస్తూ లెక్కలు చేయించిన రోజుల నుంచి మిగిలిన భయమే అది చాలామందికి. రెండు వారాలు క్లాసులో కూర్చుంటే మీకే తెలుస్తుంది. పేపరు మార్చుకోవడానికి గడువు ఎప్పటిదాకానో మాత్రం ముందే ఆఫీసులో కనుక్కోండి.