పాముపిల్ల అలిగిందనుకోకు

ప్లేనో,
ఆదివారం పొద్దున

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నిద్రమత్తులో ఏదో చెప్పేశాను. పొద్దున కాఫీ తాగుతుంటే అది సరిపోలేదనిపించి కూర్చుని రాస్తున్నాను. మనవడి కోసం కొన్న బాల్ పైథాన్ పాముపిల్ల వచ్చి నాలుగు రోజులైంది, ఏమీ తినలేదు, దాక్కున్న చోటు నుంచి కదలడం లేదు, చెయ్యి పెడితే బుసకొట్టింది. "దానికి నేను నచ్చలేదు" అని మనవడు ఏడ్చాడు. "పాముతో పెట్టుకుంటే పగబడుతుంది" అని మీ అత్తగారు అన్నారు. నువ్వు చెప్పిన వాటన్నిటికీ కారణం ఒక్కటే. దానికి భయంగా ఉంది.

వాడు ముందు అడిగిన కార్న్ స్నేక్, అదే అమెరికాలో దొరికే విషం లేని పాము, కొనకపోవడం మంచిదైంది. మీ జార్జియాలో అక్కడి స్థానిక పాముల్ని, విషం లేనివైనా సరే, ఇంట్లో పెంచుకోనివ్వరు. మా టెక్సాస్ రూల్ వేరు. బాల్ పైథాన్ ఆఫ్రికాది కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. మన ఊళ్లో వాళ్లెవరైనా ఫొటో చూసి "మేమూ ఒకటి పట్టి పెంచుకుంటాం" అంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

ఇప్పుడు ఆ పిల్ల వైపు నుంచి ఆలోచించు. గుడ్డులోంచి వచ్చేటప్పుడు దాని బరువు 50 నుంచి 80 గ్రాములు, మన కోడిగుడ్డు కంటే కాస్త ఎక్కువ. షాపులో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు పక్కలా ఒంటికి ఏదో ఆనుతూ ఉండేది. అలాంటిదాన్ని కారులో కుదిపి తెచ్చి పెద్ద గాజుపెట్టెలో వదిలారు. వాసన కొత్త, నేల కొత్త, గాజు అవతల ముగ్గురి మొహాలు. అడవిలో అంత చిన్నదాన్ని గద్ద తన్నుకుపోతుంది, ముంగిస కొరికేస్తుంది. మీరు ముద్దుగా చూస్తున్నారని దానికెలా తెలుస్తుంది?

సెనెగల్ నుంచి ఉగాండా దాకా ఉండే ఈ పాములు పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుని రాత్రి బయటికొస్తాయి. మీ అత్తగారికి పుట్ట సంగతి చెబితే తొందరగా అర్థమవుతుంది. అది పుట్టలో బతికే ప్రాణి, పుట్ట లేకుండా నడివీధిలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది దానికి. నాగులచవితికి పాలు పోద్దామంటే మాత్రం ఒప్పుకోకు. పాముకి పాలు అరగవు. గిన్నెలో మంచినీళ్లు చాలు.

పెట్టెలో అది దాక్కోవడానికి ఒకే గూడు పెట్టానన్నావు. ఇంకోటి పెట్టు. ఒకటి వేడి ఉన్న కొసన, ఇంకోటి చల్లగా ఉన్న కొసన. లోపల చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకి ఆనేంత ఇరుకుగా ఉండాలి. మనం జాలిపడి పెద్దది పెడతాం, అది దానికి బెదురు. వేడి కొసన 88 నుంచి 92 డిగ్రీలు, చల్లటి కొసన 76 నుంచి 80, ఫారెన్‌హీట్‌లోనే చెబుతున్నాను. పెట్టె కింద వేడినిచ్చే హీట్ మ్యాట్‌కి, వేడి మించకుండా చూసే థర్మోస్టాట్ తప్పనిసరి. నా మొదటి పాముకి అది లేకుండా నడిపి, పొట్ట కింద పొలుసులు కాల్చాను. పాపం, వేడెక్కుతున్న చోటు నుంచి లేచి వెళ్లాలని వాటికి సరిగ్గా తోచదు. ఆ మచ్చ పోవడానికి ఎన్నో కుబుసాలు పట్టింది. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక అది చేసే పనులు. బంతిలా చుట్టుకుని తల మధ్యలో దాచిందంటే హడలిపోయిందని అర్థం, బాల్ అనే పేరు అందుకే వచ్చింది. అప్పుడు విప్పాలని చూడకుండా వెనక్కి పెట్టేయండి. మెడ వంకీలా మడిచి బుసకొడితే "ఇంకా దగ్గరికి రావద్దు" అంటోంది. పిల్లలు పెద్దవాటికంటే ఎక్కువ బుసకొడతాయి. ఒకవేళ కరిచినా గుండుసూదులు గుచ్చినట్టుంటుంది, విషం లేదు. చెయ్యి లాక్కుంటే దాని పళ్లు విరుగుతాయి, అదే వదిలేదాకా ఆగమని వాడికి ముందే చెప్పి ఉంచు.

నాలుక నెమ్మదిగా చాపుతూ తిరుగుతుంటే వాసన చూస్తోంది, కుదుటపడుతోందన్నమాట. కళ్లు తెరిచి కదలకుండా ఉంటే నిద్రపోతుండొచ్చు, పాములకి రెప్పలుండవు. రాత్రి పూట పెట్టెంతా తిరిగితే సంతోషించు. పట్టపగలు కూడా ముక్కు గాజుకేసి రాస్తూ తిరుగుతుంటే మాత్రం వేడో గూడో సరిగ్గా లేదని చూసుకో. ఒళ్లు మసకబారి కళ్లు నీలంగా పాలు పోసినట్టయితే చాలామంది కళ్లు పోయాయని కంగారు పడతారు. కుబుసం విడవబోతోంది, అంతే. ఆ వారం సరిగ్గా చూపు ఆనదు, చిరాగ్గా ఉంటుంది, తినదు, ముట్టుకోకండి. పెట్టెలో తేమ 60 శాతం పైన ఉంటే కుబుసం ఒకే తొడుగులా వస్తుంది. కళ్ల మీది పొర మిగిలిపోతే గోటితో గీకొద్దు.

తిండి గురించి నీ టెన్షన్ నాకు అర్థమైంది, మన వాళ్లకి ఎవరైనా తినకపోతే ఇక లోకం ఆగిపోయినట్టే. వచ్చిన వారం రోజులు అసలు పెట్టనే వద్దు. వచ్చే శనివారం రాత్రి లైట్లు తగ్గించి పెట్టు. ఫ్రీజర్‌లోని చిట్టెలుకని పూర్తిగా కరిగించి, వేడినీళ్లలో వెచ్చబెట్టు, మైక్రోవేవ్ జోలికి పోకు. ఎలుక లావు పాముపిల్ల నడుమంత ఉంటే చాలు. దాని పై పెదవి మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చల్లటి ఎలుక దానికి రాయితో సమానం. పొడుగాటి పటకారుతో తోకవైపు పట్టుకుని చూపించు. పట్టుకోకపోతే తీసేసి మళ్లీ ఐదారు రోజుల దాకా అడగకు. రోజూ మొహం మీద ఆడిస్తే ఇంకా బెదిరిపోతుంది. తిన్నాక ఆవులించినట్టు నోరు పెద్దగా తెరుస్తుంది, దవడలు సర్దుకుంటోంది.

తిన్న తర్వాత రెండు రోజులు ఎవరూ తాకకూడదు. మా పాము తిన్న సాయంత్రమే మా వాడు స్నేహితులకి చూపిస్తానని దాన్ని బయటికి తీశాడు, అది మొత్తం వాడి చొక్కా మీద కక్కేసింది. ఆ వాసన గురించి మీ పిన్ని ఇప్పటికీ చెబుతుంది. అలా జరిగితే రెండు వారాలు తిండి ఆపాలి.

వారానికోసారి తూకం వేసి రాసుకో. పిండి తూచే కాటా వద్దు, దీనికి వేరేది కొను. కొన్ని వారాలు తినకపోయినా బరువు నిలబడితే కంగారక్కర్లేదు. బరువు జారుతున్నా, నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొచ్చినా, తల ఊరికే ఆకాశం వైపు మెలి తిరుగుతున్నా ఆలస్యం చేయకుండా పాముల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లు. కుక్కల్ని చూసే అందరికీ ఇవి తెలియవు, ముందే కనుక్కుని ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించు. రోజంతా నీళ్లగిన్నెలోనే పడి ఉంటే ఒంటి మీద మిరియపు పొడిలాంటి పురుగులున్నాయేమో చూడు.

మీ చిన్నమ్మాయికి ఇంకా మూడేళ్లే కదా, పాముని ముట్టుకోనివ్వకు. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది, ఐదేళ్ల లోపు పిల్లలకి ప్రమాదం. మిగతావాళ్లు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాము నీళ్లగిన్నె వంటింటి సింకులో కడగొద్దు.

మనవడికి ఇప్పటికి ఒక పని ఇవ్వు. పెట్టె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకోమను. రెండుసార్లు తిన్నాక, రోజు విడిచి రోజు ఐదు నిమిషాలు ఎత్తుకోవచ్చు. పైనుంచి చెయ్యి దించితే గద్దలా కనబడుతుంది, పక్క నుంచి వెళ్లి పొట్ట కింద రెండు చేతులూ పెట్టాలి. ఎలుకని తాకిన చేత్తో వెళ్తే కరుస్తుంది, తప్పు చేతిదే.

పగ సంగతి అత్తగారితో వాదించకు. వాడికి మాత్రం చెప్పు, దానికి పగ పట్టేంత బుర్ర లేదు, అలగడం రాదు, వాడు కోరుకునే ప్రేమ కూడా రాదు. కొన్ని నెలలకి వాడి వాసనకి బెదరడం మానేస్తుంది. వెచ్చగా ఉందని మణికట్టు చుట్టూ చుట్టుకుంటుంది. మా వాడికి అదే చాలింది. ఇవి ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతాయి. సెయింట్ లూయిస్ జూలో అరవై ఏళ్లు దాటిందనుకుంటున్న ఒకటి 2020లో గుడ్లు పెట్టింది! వాడు కాలేజీకి వెళ్లాక అది నీ పామేనని అల్లుడుగారికి ఇప్పుడే చెప్పి ఉంచు.

శనివారం ఎలుక పెట్టాక ఫోన్ చెయ్యి. తిన్నా, తినకపోయినా చెయ్యి. మీకు ఒంటిగంటైతే మాకు పన్నెండే అనుకుని మాత్రం చెయ్యకు, నేను తొమ్మిదింటికే పడుకుంటున్నాను.

మీ బాబాయి